సముద్రంలో చమురు ఒలికినప్పుడు పక్షుల లెక్క తీయడం ఎలా: నాగార్జునసాగర్ నీళ్ల మీద నేర్చుకుని బంగాళాఖాతంలో చేసే పద్ధతి

నల్గొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో పక్షుల్ని చూసే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఉదయసముద్రం కట్ట మీద, జూరాల వెనుక నీళ్ల దగ్గర, కోయిల్‌సాగర్ ఒడ్డున బైనాక్యులర్‌తో వాళ్లు కనిపిస్తుంటారు. ఈ వ్యాసం వాళ్ల కోసం. మనకు సముద్రం దూరమే కానీ, మనం చూసే పక్షులకు దూరం కాదు. చలికాలంలో సాగర్ మీద తిరిగే గల్స్, టెర్న్స్ అనే నీటిపక్షుల్లో కొన్ని జాతులు తీరంలోనూ ఉంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను తర్వాత చెన్నై పక్కన ఎన్నూరు కాలువలోకి చమురు వచ్చి, గూడబాతుల (పెలికాన్ల) ఒళ్లు గోధుమరంగు జిగురుతో అంటుకుపోయిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మన చెరువుల్లో దిగే గూడబాతులూ అదే జాతి. అంతకు ముందు 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గరే రెండు ఓడలు ఢీకొన్నప్పుడు చమురును జనం బకెట్లతో ఎత్తిపోశారు.

అలాంటి రోజున లెక్క తెలిసిన మనుషులు కావాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల్ని లెక్కపెట్టడం ఎవరైనా చేస్తారు, చేయాలి కూడా. కానీ అది సగం కథ కూడా కాదు. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ఒలికించిన చమురులో దొరికిన పక్షి కళేబరాలు 30 వేలకు పైన. చనిపోయినవి రెండున్నర లక్షల వరకు ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. మిగతావి మునిగిపోయాయి, వేరే జీవుల నోట్లో పడ్డాయి, గాలికి నడిసముద్రంలోకి పోయాయి. అందుకే నీటి మీదికే వెళ్లి చూడాలి. ఎన్ని పక్షులు ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, చమురు ఎక్కడ ఉంది, ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి అన్నది అక్కడే తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పనిలో ప్రతి ప్రశ్నకూ మూడు జవాబులు ఉంటాయి: ఉంది, లేదు, చూడలేదు. చివరి రెండూ ఒకటి కాదు. మేము సాగర్‌లో మొదటిసారి లాంచీ ఎక్కినప్పుడు పక్షి కనిపించినప్పుడే రాసుకున్నాం. ఖాళీ నీళ్లకు ఏమీ రాయలేదు. లాంచీ నడిపే ఆయన కూడా అన్నాడు: ‘పిట్టల్లేకుంటే ఇంక రాసుడేంది సారూ?’ ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకుంటే తెలిసింది. పావుగంట ఖాళీ ఉన్నచోట పక్షులు లేవా, లేక మేము టీ తాగుతున్నామా? చెప్పలేకపోయాం. ఆ రోజు లెక్కంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. చమురు పడ్డ సముద్రంలో ఆ తప్పు చేస్తే, ‘పక్షులు చచ్చిపోయాయి’ అన్న మాటకూ ‘మేము అటు చూడలేదు’ అన్న మాటకూ తేడా లేకుండా పోతుంది.

మొదటి అడుగు: సాగర్‌లో సాధన

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు ఉంటాయి, నీళ్లూ ఉంటాయి. కృష్ణ ఒడ్డున కొంత భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి అటవీశాఖ వాళ్లను ముందే అడగండి. మోటారు పడవ గాని, లాంచీ గాని తీసుకోండి. పుట్టి ఈ పనికి పనికిరాదు. అది తిరిగిపోతుంటుంది, కూర్చుంటే కళ్లు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు. పక్షుల్ని దగ్గర నుంచి గుర్తుపట్టడం నేర్చుకోవడానికైతే పుట్టి అంత మంచి బండి మరొకటి లేదు.

సాధనలో ముఖ్యమైనది దూరం అంచనా. సముద్ర పక్షుల సర్వేలో పడవకు ఒక పక్కన 300 మీటర్ల వెడల్పు పట్టీని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. దాన్ని నాలుగు భాగాలు చేస్తారు: 50 మీటర్ల వరకు, 50 నుంచి 100, 100 నుంచి 200, 200 నుంచి 300. దానికి అవతల ఉన్నవి విడిగా రాస్తారు, సాంద్రత (చదరపు కిలోమీటరుకు ఎన్ని పక్షులు) లెక్కలో కలపరు. ఈ దూరం పడవకు అడ్డంగా కొలిచేది. ముందు ఎంత దూరంలో ఉందన్నది కాదు, మనం తిన్నగా పోతే ఆ పక్షి మన పక్క నుంచి ఎంత ఎడంగా పోతుంది అన్నది. మొదట్లో అందరూ తికమకపడేది ఇక్కడే.

నీటి మీద దూరం కంటితో చెప్పడం కష్టం. పొలం మీదైతే గట్లు, చెట్లు ఉంటాయి, నీటి మీద ఏమీ ఉండవు. దీనికి ఒక చిన్న కర్ర చాలు. స్కేలు లాంటి కర్రను చెయ్యి పూర్తిగా చాపి పట్టుకోండి. కంటి నుంచి కర్రకు ఉన్న దూరం కొలవండి, చాలామందికి 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పడవలో నిలబడినప్పుడు మీ కళ్లు నీటికి ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు వేసి కొలవండి. ఈ రెండింటినీ గుణించి, కావలసిన దూరంతో భాగించండి. కళ్లు 6 మీటర్ల ఎత్తులో ఉంటే 300 మీటర్లకు 13 మిల్లీమీటర్లు, 200కు 19.5, 100కు 39, 50కి 78 వస్తాయి. కర్ర పైఅంచు నుంచి కిందికి ఆ గుర్తులు గీయండి. పైఅంచును ఆకాశం, నీరు కలిసే గీతకు ఆనిస్తే, పక్షి ఏ గుర్తుల మధ్య కనిపిస్తే ఆ భాగంలో ఉన్నట్టు. ఆ గీత, అంటే క్షితిజం కూడా నిజానికి కంటి మట్టం కంటే కొంచెం కిందికే ఉంటుంది కానీ ఈ ఎత్తులో ఆ తేడా కర్ర మీద ఒక మిల్లీమీటరు కూడా రాదు. ఎత్తు మారితే గుర్తులన్నీ మారతాయి. సాగర్ లాంచీకి గీసిన కర్రను సముద్రంలో ట్రాలర్ మీదికి తీసుకుపోకండి.

సాగర్‌లో ఇంకో మెలిక ఉంది. అక్కడ అసలైన క్షితిజం కనిపించదు, అవతలి ఒడ్డు అడ్డం వస్తుంది. ఒడ్డు 2 కిలోమీటర్ల దూరంలో ఉండి, మీ కళ్లు 4 మీటర్ల ఎత్తులో ఉంటే, ఆ ఒడ్డు గీతకు కర్రను ఆనించినప్పుడు మీరు 300 అనుకున్నది నిజానికి 260 మీటర్లే. అందుకే సాధన చేసేటప్పుడు థర్మాకోల్ పెట్టెకు పెద్ద ఎర్ర గుడ్డ కట్టి నీళ్లలో వదలండి. జీపీఎస్‌తో దూరం చూసుకుంటూ, కర్రతో వచ్చిన దూరంతో పోల్చండి. యాభై సార్లు చేస్తే కన్ను కుదురుతుంది. పని అయ్యాక ఆ పెట్టెను తిరిగి తీసుకురండి.

పక్షులు గుర్తుపట్టడం గురించి ఎక్కువ చెప్పను, అది మీకు వచ్చు. సముద్రంలో కొత్తగా ఎదురయ్యేవి షియర్‌వాటర్లు, స్టార్మ్ పెట్రెల్, స్కువాలు, పెద్ద ముక్కు పసుపుగా ఉండే గ్రేటర్ క్రెస్టెడ్ టెర్న్, బ్రైడిల్డ్ టెర్న్ లాంటివి. వాటి ఫొటోలు ముందే బాగా చూసుకోండి. తెలియనప్పుడు ‘టెర్న్, జాతి తెలియదు’ అని రాయడం తప్పు కాదు. ఊహించి పేరు పెట్టడం తప్పు.

రెండో అడుగు: బయలుదేరే ముందు

చమురు ఒలికిన చోటికి ఎవరికి వారు పడవేసుకుని వెళ్లడానికి వీల్లేదు. మన దేశంలో సముద్రంలో చమురు విపత్తుల పనిని సమన్వయం చేసేది కోస్ట్‌గార్డ్. వాళ్ల అనుమతి, ఆ రాష్ట్ర అటవీశాఖ అనుమతి రెండూ ఉండాలి. పక్షుల్ని పట్టుకోవడం, కళేబరాన్ని తీసుకెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయని మరిచిపోవద్దు. స్థానికంగా పనిచేస్తున్న పక్షి సంఘంతో, విశ్వవిద్యాలయంతో కలిసి వెళ్తే ఈ పని సులువు.

చమురు ఎటు పోతుందో అంచనా కట్టే సంస్థ మన దగ్గరే, హైదరాబాద్‌లో ఉంది. ఇన్‌కాయిస్ అనే ఆ కేంద్రం సముద్ర ప్రవాహాలు, గాలి ఆధారంగా చమురు ఏ దారిలో కదులుతుందో చెబుతుంది. మీరు కూడా చేత్తో లెక్క వేసుకోవడం నేర్చుకోండి. నీటి మీది చమురును గాలి తన వేగంలో దాదాపు 3 శాతంతో నెడుతుంది, దానికి ప్రవాహం తోడవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి రోజంతా వీస్తే, గాలి ఒక్కదాని వల్లే చమురు 14 కిలోమీటర్లు జరుగుతుంది. తూర్పు తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తీరం వెంట ప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి తర్వాత ఉత్తరానికి పోతుంది. అందుకే ఎన్నూరు దగ్గర డిసెంబర్‌లో పడ్డ చమురుకు, మార్చిలో పడ్డ చమురుకు వేర్వేరు చోట్ల వెతకాలి.

తర్వాత దారి గీయాలి. ఇక్కడ మనసు ఒక తప్పు చేయిస్తుంది. చమురు ఎక్కువగా ఉన్నచోటికే పోవాలనిపిస్తుంది. అలా పోతే చమురు ఉన్నచోట పక్షులు ఎన్నో తెలుస్తుంది కానీ, లేనిచోట ఎన్నో తెలియదు. పోల్చడానికి రెండోది లేకుండా మొదటిది దేనికీ పనికిరాదు. తీరానికి అడ్డంగా, సమాన దూరంలో, ఒకదానికొకటి సమాంతరంగా గీతలు వేయండి. మొదటి గీత ఎక్కడన్నది చీటీ తీసి నిర్ణయించండి. చమురు ఉన్న ప్రాంతాన్ని దాటి రెండు వైపులా శుభ్రమైన నీళ్లలోకి గీతలు సాగాలి. గీతలు తీరానికి అడ్డంగా ఎందుకంటే, ఒడ్డు దగ్గర ఉండే పక్షులు వేరు, లోతు పెరిగేకొద్దీ వచ్చే పక్షులు వేరు. ప్రతి గీతలోనూ రెండు రకాలూ రావాలి.

ఆ ప్రాంతంలో ఇంతకు ముందు తీసిన లెక్కలు ఉంటే దొరకబుచ్చుకోండి. పక్షుల జాబితాల వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఉన్నవి, 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో ఉన్నవి. అవి ఎక్కువగా ఒడ్డు నుంచి చేసినవే అయినా, ఆ నెలలో అక్కడ ఏ జాతులు ఉండాలో తెలుపుతాయి.

సామాను: 8x42 లేదా 7x50 బైనాక్యులర్లు, జూమ్ లెన్స్ ఉన్న కెమెరా, జీపీఎస్, దూరం కర్ర, పెన్సిళ్లు, నీళ్లకు తడవని కాగితాలు, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, నైట్రైల్ చేతితొడుగులు. జీపీఎస్, కెమెరా, చేతి గడియారం మూడింట్లోనూ సమయం సెకను తేడా లేకుండా సరిచేయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, ఏ ఫొటో ఎక్కడ తీశారో సాయంత్రం చెప్పేది ఆ సమయమే. మన జిల్లాల వాళ్లకు పడవ తిప్పు అలవాటు ఉండదు. సాగర్‌లో అది రాదు, సముద్రంలో వస్తుంది. ముందు రోజే డాక్టర్‌ను అడిగి మాత్ర తెచ్చుకోండి, తిప్పు మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ.

మూడో అడుగు: పడవ మీద

కనీసం ముగ్గురు. ఒకరు చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు విశ్రాంతి తీసుకుంటారు. నలుగురుంటే ఇద్దరు చూడొచ్చు. రెండు గంటలకు మించి ఒకరే చూడకూడదు, అలసిన కన్ను పక్షిని వదిలేస్తుంది, వదిలేసినట్టు కూడా తెలియదు. ఎండ మెరుపు లేని పక్కను ఎంచుకోండి. పడవ ముక్కు నుంచి పక్కకు, అంటే 90 డిగ్రీల మేర మాత్రమే చూడండి. మామూలు కళ్లతో వెతకండి, బైనాక్యులర్ గుర్తుపట్టడానికే వాడండి. బైనాక్యులర్‌తో వెతికితే దూరంగా ఉన్నవి దొరుకుతాయి, పడవ పక్కనే మునిగిన నీటికాకి పోతుంది.

పడవ వేగం 10 నాట్లు ఉంటే బాగుంటుంది. 5 కంటే తగ్గితే పక్షులు చుట్టూ చేరి లెక్క చెడిపోతుంది. 10 నాట్లు అంటే నిమిషానికి 309 మీటర్లు. గాలి పెరిగి తెల్లటి నురగ తరచుగా కనిపిస్తుందంటే ఆపే సమయం దగ్గర పడిందని అర్థం. చిన్న పడవ మీద అంతకు మించిన అలల్లో తీసిన లెక్క నమ్మదగ్గది కాదు, మనుషులకూ మంచిది కాదు.

నీళ్ల మీద కూర్చున్న పక్షుల్ని పట్టీలో ఉన్నవన్నీ రాయాలి. ఎగిరేవాటికి పద్ధతి వేరు. నల్గొండ బస్టాండ్ గేటు దగ్గర గంటసేపు నిలబడి లోపలికి వచ్చేవాళ్లందర్నీ లెక్కపెడితే, బస్టాండ్‌లో ఒకేసారి ఎంతమంది ఉన్నారో తెలియదు. చాలా ఎక్కువ వస్తుంది. పైనుంచి ఒక్క ఫొటో తీస్తే తెలుస్తుంది. ఎగిరే పక్షులు పడవ కంటే వేగంగా పోతాయి కాబట్టి, వాటికీ అలాగే చేయాలి. పడవ 300 మీటర్లు పోయిన ప్రతిసారీ ఒక క్షణం ఎంచుకుని, ఆ క్షణంలో ముందు 300 మీటర్లు, పక్కకు 300 మీటర్ల చదరంలో గాల్లో ఉన్నవాటినే లెక్కలో రాయాలి. 10 నాట్లకు దాదాపు నిమిషానికొకసారి, 6 నాట్లకు 97 సెకన్లకొకసారి. ఫోన్‌లో గంట పెట్టుకోండి. మధ్యలో ఎగిరినవి కూడా రాసుకోవచ్చు, కానీ వేరే గడిలో. పడవ వెంట తిరిగే గల్స్‌ను ‘పడవ వెంట’ అని గుర్తు పెట్టండి, అవి లెక్కలోకి రావు.

రాసే కాగితం 10 నిమిషాలకు ఒక వరుస. ఆ వరుసలో ఏ పక్షీ లేకపోతే ‘సున్నా, చూశాం’ అని రాయాలి. మంచు కమ్మినా, ఇంజిన్ ఆగినా, చూసేవారు పక్కకు పోయినా ‘చూడలేదు’ అని రాయాలి. పక్షి ఉన్నప్పుడు జాతి, సంఖ్య, దూరం భాగం, కూర్చుందా ఎగురుతోందా, ఏం చేస్తోంది, చమురు స్థితి రాయండి.

చమురును చదవడం

ప్రతి వరుసలో నీటి మీద చమురు ఎలా ఉందో కూడా రాయాలి. దీనికి ఐరోపా దేశాలు వాడే రంగుల పద్ధతి ఉంది, మన కంటికీ సరిపోతుంది. వెండి, బూడిద రంగు మెరుపు అంటే అతి పల్చటి పొర, చదరపు కిలోమీటరుకు 40 నుంచి 300 లీటర్లు. ఇంద్రధనుస్సు రంగులు అంటే 300 నుంచి 5,000. లోహం మెరుపులా ఉంటే 5,000 నుంచి 50,000. చమురు అసలు రంగే ముక్కలు ముక్కలుగా కనిపిస్తే 2 లక్షల వరకు, విడవకుండా కనిపిస్తే అంతకు పైన. మేఘం నీడ, నాచు, పుప్పొడి పొర చూసి చమురు అనుకోవడం మామూలే. సందేహం ఉంటే ‘సందేహం’ అనే రాయండి.

నల్లటి మందపు చమురులోకి పడవను తీసుకెళ్లొద్దు. తాజా చమురు నుంచి బెంజీన్ లాంటి ఆవిరి వస్తుంది. తలనొప్పి, కళ్ల మంట, తల తిరగడం మొదలైతే గాలికి ఎదురుగా బయటికి వచ్చేయండి. బీడీ, సిగరెట్ వెలిగించడం పూర్తిగా మానాలి, పడవ నడిపేవారికి కూడా ముందే చెప్పండి.

పక్షి మీద చమురు

ఈక చిన్న చిన్న కొక్కేలతో అల్లుకుని ఉంటుంది. ఆ అల్లిక వల్లే నీళ్లు లోపలికి పోవు, వెచ్చదనం బయటికి పోదు. చమురు తగిలితే ఆ అల్లిక విడిపోతుంది. పక్షి తడుస్తుంది, చలికి వణుకుతుంది, తేలలేదు. ముక్కుతో ఈకలు సర్దుకుంటూ ఆ చమురునే మింగుతుంది. అందుకే రూపాయి బిళ్లంత మరక కూడా రాయదగ్గదే.

ఇక్కడే మూడు జవాబులు మళ్లీ వస్తాయి. ‘చమురు ఉంది’, ‘బాగా చూశాం, లేదు’, ‘సరిగా చూడలేకపోయాం’. ఒక రోజు 200 టెర్న్స్ కనిపించి, 40ని మాత్రమే పొట్ట, వీపు స్పష్టంగా చూడగలిగారనుకుందాం. అందులో 10కి చమురు ఉంటే, చమురు అంటినవి 200లో 10 కాదు, 40లో 10. అంటే నాలుగింట ఒకటి. చూడలేకపోయిన 160ని ‘లేదు’ గడిలో రాస్తే ఆ నాలుగో వంతు 5 శాతానికి పడిపోతుంది. ఈ ఒక్క గడి కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఎంత చమురు అన్నదానికి మరక, పావువంతు ఒళ్లు, సగం, సగం పైన అని నాలుగు మెట్లు చాలు. తెల్ల పక్షుల మీద చమురు వెంటనే కనిపిస్తుంది, నల్ల నీటికాకి మీద కనిపించదు. అక్కడ నడవడిక చూడాలి. నీళ్లలో మామూలు కంటే లోతుగా కూర్చోవడం, ఆగకుండా ఈకలు సర్దుకోవడం, పడవ దగ్గరికి వచ్చినా ఎగరకపోవడం అనుమానించాల్సిన గుర్తులు. నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకోవడం మాత్రం దాని అలవాటే, అది జబ్బు కాదు. చిన్న వయసు గల్స్, గూడబాతుల బూడిద గోధుమ రంగును చూసి కూడా మోసపోకండి. వేసవిలో విస్కర్డ్ టెర్న్ పొట్ట ముదురు రంగులోనే ఉంటుంది. ఈ మూడూ సాగర్ మీద, మన చెరువుల్లో బాగా చూసి గుర్తుపెట్టుకోవచ్చు.

చమురు అంటిన పక్షిని వెంటాడకండి. పారిపోయే ప్రయత్నంలో ఉన్న కాస్త శక్తీ పోతుంది. చోటు, సమయం రాసి, ఫొటో తీసి, రక్షణ బృందానికి వెంటనే ఫోన్ చేయండి. కళేబరం కనిపిస్తే అది కూడా వరుసలో రాయండి, బతికిన పక్షుల గడిలో కాదు.

సాయంత్రం పని

ఎంత అలసిపోయినా ఆ రాత్రే కాగితాలన్నీ ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. లెక్క ఇలా ఉంటుంది. 10 నాట్ల వేగంతో 10 నిమిషాలు అంటే 3.09 కిలోమీటర్లు, 300 మీటర్ల వెడల్పుతో 0.93 చదరపు కిలోమీటరు. అందులో 14 పక్షులు కూర్చుని ఉంటే చదరపు కిలోమీటరుకు 15. వేగాన్ని నోటిమాట మీద కాకుండా జీపీఎస్ జాడ నుంచి తీసుకోండి.

దూరంగా ఉన్నవి కొన్ని తప్పిపోతాయి. ఎంత తప్పిపోయాయో మీ కాగితంలోనే ఉంటుంది. 100 నుంచి 200 మీటర్ల భాగం వెడల్పు, మొదటి రెండు భాగాలు కలిపినంత. అక్కడా దాదాపు అన్నే పక్షులు రావాలి. మొదటి రెండింట్లో 60 వచ్చి, మూడో దాంట్లో 30 వస్తే, మూడో భాగంలో సగం తప్పిపోతున్నాయన్న మాట. దాన్ని సరిచేసే లెక్కకు డిస్టెన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దూరం భాగాలు రాసుకోకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

తర్వాత అవే గీతల మీద, అదే వేగంతో, వీలైతే అదే మనుషులతో మళ్లీ వెళ్లాలి. మొదటి వారంలో రెండు సార్లు, తర్వాత నెలకోసారి, వచ్చే ఏడాది అదే నెలలో మరోసారి. పడవలో మీరు నిలబడిన చోటు, కంటి ఎత్తు, కర్ర మీది గుర్తులు ఫొటో తీసి ఆ కాగితాలతో పాటు పెట్టండి. ఏడాది తర్వాత మీ స్థానంలో మరొకరు నిలబడినా, వాళ్ల 300 మీటర్లూ మీ 300 మీటర్లూ ఒక్కటే అవ్వాలి.